'నీళ్లు' అనే మాటకు ఎన్ని పనులు?

అడగందే అమ్మయినా పెట్టదని సామెత. మాటలు ఆలస్యమైన పిల్లలున్న ఇళ్లలో జరిగేది మాత్రం దీనికి తలకిందులు. నాలుగేళ్ల పిల్లాడు వంటింట్లోకి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంటాడు, ఫ్రిజ్ దాకా లాక్కెళ్తాడు. ఆమె తలుపు తీస్తుంది, వాడి చూపు ఎక్కడ ఆగిందో చూస్తుంది, పెరుగు గిన్నె తీసి ఇస్తుంది. వ్యవహారమంతా పది సెకన్లలో ముగుస్తుంది. వాడు నోరు తెరవలేదు, తెరవాల్సిన అవసరమూ పడలేదు.

అదే పిల్లాడు వారానికి మూడు సాయంత్రాలు చెన్నైలో వేలచ్చేరిలోనో షోలింగనల్లూరులోనో ఒక థెరపీ సెంటర్లో చిన్న బల్ల ముందు కూర్చుంటాడు. ఒక కార్డు చూపిస్తే 'యాపిల్' అంటాడు, ఇంకోటి చూపిస్తే 'వాటర్' అంటాడు. కొన్ని నెలలు తిరిగేసరికి రిపోర్టులో యాభై పేర్లు చేరతాయి. ఇంటికొచ్చి దాహమేస్తే మళ్లీ అమ్మ చెయ్యే దిక్కు. "మాటలు వచ్చాయండీ, కానీ వాడడు" అని సెంటర్ బయట బెంచీల మీద తల్లిదండ్రులు చెప్పుకునేది ఈ పరిస్థితి గురించే. ఆ వాక్యంలో 'కానీ'కి ముందున్న నైపుణ్యం వేరు, తర్వాత ఉన్నది వేరు. మాటను కూడా ఫలితాన్నిబట్టి నేర్చుకునే చేష్టగా చూసే ప్రవర్తనావాద పద్ధతి మొదలయ్యేది ఈ తేడా దగ్గరే.

ఈ వాదానికి పేరు తెచ్చిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1934లో మొదలుపెట్టి, ఇరవై ఏళ్లకు పైగా రాసి, 1957లో 'వెర్బల్ బిహేవియర్' అనే పుస్తకం ప్రచురించాడు. మాటను ఆయన చెయ్యి చాపడం, తలుపు తట్టడం లాంటి చేష్టగానే చూశాడు. తలుపు నెడితే తలుపే కదులుతుంది. మాటంటే మాత్రం ముందు ఇంకో మనిషి కదలాలి, ఫలితం ఆ మనిషి చేతుల మీదుగా రావాలి. ఫలితం దక్కిన చేష్ట మళ్లీ మళ్లీ వస్తుంది, దక్కనిది మెల్లగా రాలిపోతుంది. బీఈడీ పుస్తకాల్లో 'పునర్బలనం' అని బట్టీ పట్టించేది దీన్నే. ఇక్కడినుంచి స్కిన్నర్ వేసిన అడుగు ముఖ్యమైంది. ఒకే మాట వేర్వేరు కారణాలకు, వేర్వేరు ఫలితాలతో వస్తే దాన్ని ఒకే మాటగా లెక్కపెట్టకూడదన్నాడు.

'నీళ్లు' తీసుకుందాం. దాహమేసి, ఎదురుగా గ్లాసు లేకపోయినా 'నీళ్లు' అంటే అది అడగడం. దీనికి స్కిన్నర్ పెట్టిన పేరు 'మాండ్'. అది డిమాండ్, కమాండ్ అన్న మాటల తోకలోంచి తెచ్చింది. దాహం లేకపోయినా, గ్లాసులో కనిపించినవాటిని చూసి 'నీళ్లు' అంటే అది పేరు చెప్పడం, టాక్ట్. అమ్మ 'నీళ్లు' అనగానే వెనకాలే 'నీళ్లు' అంటే అనుకరణ, ఎకోయిక్. "కుళాయి తిప్పితే ఏం వస్తాయి?" అంటే 'నీళ్లు' అని బదులివ్వడం ఇంట్రావెర్బల్. (చెన్నై పిల్లలకైతే "లారీలో ఏం వస్తాయి?" అని అడిగినా చెల్లుతుంది.) ఇవి కాక, "నీళ్లు తే" అంటే విని తేవడం వేరే సంగతి.

ఒకసారి మాటలు పట్టుబడిన పిల్లలకు ఇదంతా ఒక్కటే. టాక్ట్‌గా నేర్చుకున్న మాటను సాయంత్రానికల్లా అడగడానికి వాడేస్తారు, ఎవరూ నేర్పక్కర్లేదు. అయితే ఆ దాటడం అంత సహజంగా జరిగేది కాదని 1985లో లమార్, హాలండ్ అనే పరిశోధకులు మామూలు ప్రీస్కూల్ పిల్లల మీదే చూపించారు. 'ఎడమ పక్క', 'కుడి పక్క' అన్న మాటలను ఒక పనికి నేర్పితే రెండో పనికి వాటంతటవి రాలేదు. తర్వాతి ప్రయోగాల్లో కొందరు పిల్లలు దాటారు, కొందరు దాటలేదు. ఆటిజం ఉన్న పిల్లల్లో, భాష బాగా వెనకబడిన పిల్లల్లో ఈ గోడ ఎత్తుగా ఉంటుంది. యాభై కార్డులకు పేర్లు చెప్పే పిల్లాడు దాహానికి నోరు మెదపకపోవడం మొండితనమూ కాదు, మతిమరుపూ కాదు. అడగడం వాడికి ఎవరూ నేర్పలేదు, అంతే.

మరి సెంటర్లు కార్డులతోనే ఎందుకు మొదలుపెడతాయి? సులువు కనక. కార్డు ఎప్పుడైనా చూపించవచ్చు, జవాబు తప్పో ఒప్పో వెంటనే తెలుస్తుంది, రిపోర్టులో అంకె పెరుగుతుంది, ఫీజు కట్టే తల్లిదండ్రులకు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. అడగడం నేర్పాలంటే పిల్లాడికి ఏదో కావాలనిపించాలి. కావాలనిపించడం టైమ్‌టేబుల్ ప్రకారం రాదు.

ఈ 'కావాలనిపించడం' మీద స్కిన్నర్ శిష్యపరంపరలో ఎక్కువ పని చేసినవాడు జాక్ మైకేల్. 1982లో ఆయన రాసిన వ్యాసం సారాంశం ఇది: బహుమతికి స్థిరమైన విలువ ఉండదు. కడుపు నిండా నీళ్లు తాగినవాడికి గ్లాసు నీళ్లు బహుమతి కాదు. ఉప్పగా, కారంగా ఏదైనా తిన్న ఐదు నిమిషాలకు అదే గ్లాసు బంగారం. అందువల్ల నేర్పేవాళ్ల మొదటి పని మాట అందించడం కాదు, మాట అవసరమయ్యే పరిస్థితి కల్పించడం. 1970ల్లో అమెరికాలోని కాన్సాస్‌లో హార్ట్, రిస్లీ అనే పరిశోధకులు బొమ్మలను కనిపించేంత దగ్గరలో, అందనంత ఎత్తులో పెట్టి, పిల్లలు అడగడానికి వచ్చినప్పుడు మాటను కొంచెం పెంచుతూ నేర్పారు. సందర్భం చూసి నేర్పే పద్ధతులకు అదే మూలం.

ఇది మన వంటింట్లో ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. మురుకుల డబ్బా. స్టీలుది వద్దు, లోపల ఏముందో కనిపించే ప్లాస్టిక్‌ది, మూత బిగుతుగా ఉన్నది. పిల్లాడు దాన్ని చూస్తాడు, తిప్పుతాడు, పళ్లతో కొరుకుతాడు, రాదు. అమ్మ దగ్గరికి తెచ్చి ఆమె చేతిలో పెడతాడు. మామూలుగా ఆమె మూత తీసేస్తుంది. ఇప్పుడు తీయదు. చెయ్యి మూత మీదే ఉంచి, వాడి ముఖంలోకి చూస్తూ, మనసులో మూడు లెక్కపెడుతుంది. వాడు ఏమీ అనకపోతే తనే "తియ్యి" అంటుంది. వాడు "తి" అన్నా, కనీసం పెదవులు కదిపి ఏదో శబ్దం చేసినా, ఆ క్షణంలోనే మూత ఊడాలి. "ఇంకోసారి చక్కగా చెప్పు" అనకూడదు, "వెరీ గుడ్" అంటూ చప్పట్లు కొడుతూ ఆలస్యం చేయకూడదు. మాట అన్నందుకు మెచ్చుకోలు ఇస్తే అది వేరే పాఠమవుతుంది, మూత తెరుచుకోవడమే ఈ మాటకు జీతం. డబ్బాలోంచి ఒక్క మురుకు కాదు, అందులో పావు వంతు ముక్క ఇచ్చి మూత మళ్లీ బిగిస్తుంది. ఒక మురుకుకు నాలుగు అవకాశాలు. వాడు చెయ్యి దులుపుకుని వెళ్లిపోతే పాఠం అయిపోయినట్టే. వెంటపడి అడిగించడమంటే ఆకలి లేని పిల్లాడికి అన్నం కుక్కడమే.

కొన్ని రోజులకు మూడు సెకన్లు ఐదవుతాయి. "తియ్యి" అని పూర్తిగా అందించే బదులు "తి..." దగ్గర ఆపుతుంది. తర్వాత పెదవులు మాత్రమే కదుపుతుంది. ఆ తర్వాత ఊరికే చూస్తుంది. ఈ అందించడాన్ని ప్రాంప్ట్ అంటారు, దాన్ని మెల్లగా తీసేయడం నేర్పడంలో అన్నిటికన్నా కష్టమైన భాగం. పద్యనాటకాల్లో తెర చాటునుంచి ప్రాంప్టింగ్ ఇచ్చేవాళ్లుండేవారు. ఆ గొంతు మీదే ఆధారపడిన నటుడు ఎన్ని ప్రదర్శనలిచ్చినా సొంతంగా పద్యం ఎత్తుకోలేడు. పిల్లల విషయంలో తెర చాటు గొంతు చాలాసార్లు "ఏం కావాలి?" అన్న ప్రశ్నే. అది ప్రశ్నలా కనిపిస్తుంది కానీ ప్రాంప్టే. ఆ ప్రశ్నకు మాత్రమే బదులివ్వడం అలవాటైన పిల్లాడు, ఎవరూ అడగకపోతే రెండు గంటలు దాహంతో కూర్చుంటాడు.

"చెప్పు" అన్న మాట సంగతీ ఇంతే. "నీళ్లు అని చెప్పు" అంటే "నీళ్లు అని చెప్పు" అని మొత్తం తిరిగి అప్పజెప్పే పిల్లలు చాలామంది. ఇలా విన్నది విన్నట్టు తిరిగి పలకడాన్ని తొలితరం ప్రవర్తనావాదులు మాన్పించాల్సిన చెడ్డ అలవాటుగా చూశారు. అది పొరపాటని 1980ల మొదట్లో బారీ ప్రిజాంట్ పరిశోధనలు చూపించాయి. ఆ అప్పజెప్పడం వెనక చాలాసార్లు అడగడం, ఒప్పుకోవడం, వంతు తీసుకోవడం లాంటి పనులుంటాయి. తెలుగులో ఇది ఒక ప్రత్యేకమైన రూపం తీసుకుంటుంది. రోజూ "నీళ్లు కావాలా?" అని అడిగి నీళ్లిచ్చే ఇంట్లో, పిల్లాడు దాహమేసినప్పుడు వచ్చి "నీళ్లు కావాలా?" అంటాడు. వాడి లెక్కలో తప్పేమీ లేదు. ఆ శబ్దం తర్వాత నీళ్లొచ్చాయి, కాబట్టి నీళ్లు రావడానికి ఆ శబ్దం చేస్తున్నాడు. "బువ్వ తింటావా?" అని వచ్చి నిలబడే పిల్లాడు అమ్మను తినమనడం లేదు, తనకు ఆకలేస్తోందని చెబుతున్నాడు. ఇంగ్లీషులో 'నేను', 'నువ్వు' తారుమారవుతాయని పుస్తకాలు రాస్తాయి. తెలుగులో సర్వనామం ఎలాగూ చాలాసార్లు ఉండదు, తారుమారయ్యేది క్రియ చివర.

దీనికి చేయాల్సింది తేలికే, అలవాటు పడటమే కష్టం: పిల్లాడు ఏ వాక్యం అనాలో ఆ వాక్యాన్నే పెద్దవాళ్లు అనాలి. గ్లాసు చూపిస్తూ "నీళ్లు కావాలా?" అనకుండా, వాడి తరఫున "నీళ్లు కావాలి" అనాలి. తెలుగు ఇక్కడ ఒక చిన్న సాయం చేస్తుంది. 'వెళ్దాం', 'ఆడుకుందాం', 'తిందాం' లాంటి రూపాలు ఎవరు అన్నా మారవు. "పార్కుకు వెళ్దాం" అని అమ్మ అన్నదాన్ని పిల్లాడు అలాగే తిరిగి అన్నా అది సరైన వాక్యమే. తొలి వాక్యాలకు ఇవి మంచి ముడిసరుకు. ఇంగ్లీషు పద్ధతులను తర్జుమా చేసుకుని వాడేవాళ్ల కంట ఇలాంటివి పడవు.

ఇంగ్లీషు తర్జుమా గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి. చాలా సెంటర్లలో పిల్లలకు తొలి వాక్యంగా 'ఐ వాంట్' నేర్పుతారు. ఇంటి కోసం దాన్ని "నాకు... కావాలి" అని మారుస్తారు. తెలుగు పిల్లల తొలి మాటలు ఎక్కువగా అలా ఉండవు. 'ఎత్తుకో', 'పెట్టు', 'తియ్యి', 'వద్దు', 'ఇంకొంచెం', 'నాన్నా రా' అంటారు. తెలుగులో అడగడం ఎక్కువగా క్రియలోనే ఉంటుంది. పైగా 'కావాలి', 'ఇవ్వు' లాంటి అన్నిటికీ పనికొచ్చే మాటను మొదట నేర్పితే ఇంకో చిక్కు. పిల్లాడు ప్రతిదానికీ 'కావాలి' అంటాడు, ఏది కావాలో అమ్మే వెతుక్కోవాలి, మళ్లీ చూపుడు వేలే శరణ్యం. వెర్బల్ బిహేవియర్ పద్ధతిని తరగతి గదుల్లోకి తెచ్చిన మార్క్ సండ్‌బర్గ్ లాంటివాళ్లు 'మోర్', 'ప్లీజ్' అనే మాటలను మొదట నేర్పొద్దనడానికి కారణమూ ఇదే. మన ఇళ్లలో 'ప్లీజ్' అనిపించాలన్న మోజు కొంచెం ఎక్కువే. ఆకలని చెప్పుకోలేని పిల్లాడికి మర్యాద పాఠం తొందరేమీ కాదు.

నోటి మాట రాని పిల్లలకు బొమ్మ కార్డుల మార్పిడి ఒక దారి. 1985లో అమెరికాలోని డెలవేర్ రాష్ట్రంలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించిన పెక్స్ అనే పద్ధతిలో పిల్లాడు తనకు కావలసిన వస్తువు బొమ్మను ఎదుటివారి చేతిలో పెట్టి ఆ వస్తువు తీసుకుంటాడు. ఆరు దశలున్న ఈ పద్ధతి మొదటి దశకు ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఒకరు ఎదురుగా వస్తువు పట్టుకుని ఉంటారు. ఇంకొకరు పిల్లాడి వెనక కూర్చుని, వాడు వస్తువు కోసం చెయ్యి చాపిన వెంటనే ఆ చేతిని కార్డు మీదికి మళ్లిస్తారు. కార్డు చేతికి అందేదాకా ఇద్దరూ నోరు విప్పకూడదు, "ఏం కావాలి?" అన్న ప్రశ్న పూర్తిగా నిషిద్ధం. రెండో జత చేతులు దొరకడం థెరపీ సెంటర్లలో ఖర్చుతో కూడిన పని. అమ్మమ్మో నానమ్మో ఉన్న ఇంట్లో అది ఉచితం. వాళ్లను మాట్లాడకుండా కూర్చోబెట్టడమే అసలు సమస్య.

తర్వాతి దశల్లో పిల్లాడు ఒక పట్టీ మీద కార్డులు వరసగా అంటించి వాక్యం చేస్తాడు. ఇంగ్లీషులో 'ఐ వాంట్' కార్డు ముందు, వస్తువు తర్వాత. అదే పట్టీని తెలుగింట్లో వాడితే "కావాలి దోసె" అన్న వాక్యం తయారవుతుంది. దోసె ముందు, 'కావాలి' చివర పెట్టడానికి అడ్డేమీ లేదు. పట్టీ అచ్చువేసినవాళ్లకు ఆ ఆలోచన రాలేదు, అంతే. కార్డులు, యాప్‌లు అలవాటు చేస్తే ఇక మాటలే రావన్న భయం తల్లిదండ్రుల్లో బలంగా ఉంది. 2006లో మిలర్, లైట్, ష్లాసర్ పాత అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి, నమ్మదగ్గ ఆధారాలున్న 27 మందిని పరిశీలిస్తే, ఒక్కరికి కూడా మాట తగ్గలేదు, చాలామందికి ఎంతో కొంత పెరిగింది. 2014లో కోనీ కసారి అనే పరిశోధకురాలి బృందం ఐదు నుంచి ఎనిమిదేళ్ల వయసున్న, మాటలు దాదాపు లేని 61 మంది పిల్లలతో చేసిన ప్రయోగంలో, మాట పలికే పరికరాన్ని మొదటినుంచీ కలిపి వాడిన పిల్లలు తమంతట తాము ఎక్కువగా సంభాషించారు. ఐదేళ్లు దాటితే ఇక లాభం లేదన్న మాటకు కూడా ఇది కొంత జవాబు. ఈ రకం పరికరాల్లో మన దేశానికి పేరు తెచ్చిన 'అవాజ్' పుట్టింది చెన్నైలోనే. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల కోసం 1985 నుంచి పనిచేస్తున్న విద్యాసాగర్ సంస్థతో కలిసి, అజిత్ నారాయణన్ ఇన్వెన్షన్ ల్యాబ్స్‌లో దాన్ని తయారు చేశారు. 2011లో ఎంఐటీ వారి టెక్నాలజీ రివ్యూ పత్రిక ఆయనను యువ ఆవిష్కర్తల జాబితాలో చేర్చింది.

ఇక భాషల గొడవ. చెన్నైలో తెలుగువాళ్లు రెండు రకాలు. పెరంబూరు, షావుకారుపేట లాంటి చోట్ల తరాలుగా ఉన్నవాళ్ల తెలుగులో సగం తమిళం ఎలాగూ ఉంటుంది. ఐటీ ఉద్యోగాలకు వచ్చి పాత మహాబలిపురం రోడ్డు పొడవునా అపార్ట్‌మెంట్లలో ఉంటున్నవాళ్లు ఇంట్లో తెలుగు, లిఫ్టులో ఇంగ్లీషు, కూరగాయల బండి దగ్గర వచ్చీరాని తమిళం. థెరపిస్టులు ఎక్కువగా తమిళులు, సెషన్ ఇంగ్లీషులోనో తమిళంలోనో జరుగుతుంది. దీంతో పిల్లాడికి నీళ్లకు మూడు పేర్లు. అప్పుడు తరచూ వినిపించే సలహా: "ఇంట్లో కూడా ఒకే భాష మాట్లాడండి, ఇంగ్లీషు అయితే మంచిది." ఈ సలహాకు పరిశోధనల మద్దతు లేదు. రెండు భాషల మధ్య పెరిగే ఆటిజం ఉన్న పిల్లలు ఒక భాషలో పెరిగేవాళ్లకన్నా వెనకబడినట్టు అధ్యయనాల్లో తేలలేదు. సలహా పాటించిన ఇంట్లో జరిగేది వేరు. నెల్లూరునుంచి వచ్చిన అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఆమె మనవడితో మాట్లాడటం మానేస్తుంది. నాన్న ఆఫీసు ఇంగ్లీషులో మూడు ముక్కలు మాట్లాడి ఊరుకుంటాడు. పిల్లాడి చెవిన పడే మాటలే సగానికి తగ్గిపోతాయి.

ప్రవర్తనావాదం దృష్టిలో ఈ ప్రశ్నకు జవాబు ఇంకా తేలిక. మాట ఎవరి ముందు పనిచేయాలో వాళ్ల భాషలో నేర్పాలి. పిల్లాడికి కావలసినవి, అంటే అన్నం, ఊయల, మేడ మీద షికారు, నాన్న భుజాలు, ఎవరి చేతుల్లో ఉన్నాయి? ఇంట్లోవాళ్ల చేతుల్లో. వాళ్ల భాష తెలుగు. బల్ల దగ్గర 'వాటర్' నేర్పి, అది ఇంట్లో 'నీళ్లు'గా మారుతుందని ఎదురుచూడటాన్ని స్టోక్స్, బేర్ అనే పరిశోధకులు 1977లోనే ఎత్తిచూపారు. నేర్పి, ఆ తర్వాత దేవుడి మీద భారం వేయడం అనే ఆ పద్ధతికి వాళ్లు 'ట్రెయిన్ అండ్ హోప్' అని పేరు పెట్టారు. నేర్చుకున్నది చోటు మారినా నిలవాలంటే మనుషులను, గదులను, వస్తువులను మారుస్తూ మొదటినుంచే నేర్పాలి.

సెంటరు, ఇల్లు వేరే భాషల్లో ఉన్నప్పుడు రెండు చోట్లా చెల్లే మాటలు వెతుక్కోవడం ఒక ఉపాయం. తెలుగు, తమిళం దాయాదులు కావడం ఇక్కడ అక్కరకొస్తుంది. పాలు అక్కడ 'పాల్', దోసె 'దోసై', అప్పడం 'అప్పళం', కాలు 'కాల్', పువ్వు 'పూ'. అమ్మ, మామ, ఇడ్లీ, వడ, బస్సు ఎలాగూ రెండిట్లోనూ ఉన్నాయి. పిల్లాడు 'పా' అంటే తమిళ థెరపిస్టుకూ అర్థమవుతుంది, అమ్మమ్మకూ అర్థమవుతుంది, ఇద్దరూ పాలే ఇస్తారు. 'నీళ్లు', 'తన్ని' అంత దగ్గర కావు కాబట్టి వాటిని రెండో విడతకు వాయిదా వేసుకోవచ్చు. పెదవులతో పలికే ప, బ, మ శబ్దాలు పిల్లలకు ముందుగా రావడం కూడా ఈ జాబితాకు అనుకూలమే. బువ్వ, పాప, మామ, బొమ్మ లాంటి ముద్దుమాటలను మన పెద్దవాళ్లు ఏ కోర్సూ చదవకుండానే ఎంచిపెట్టారు.

అడగడం ఎంత ముఖ్యమో వద్దనడం అంతే ముఖ్యం. 1985లో కార్, డ్యూరాండ్ చేసిన పరిశోధన ఈ రంగంలో పెద్ద మలుపు. తల బాదుకోవడం, కొట్టడం, వస్తువులు విసరడం లాంటి వాటికి ముందేం జరిగింది, తర్వాతేం దక్కింది అని చూస్తే, కొందరు పిల్లలకు అది కష్టమైన పనినుంచి తప్పించుకునే దారి, కొందరికి పెద్దవాళ్ల చూపు తమ మీద పడే దారి. అదే ఫలితాన్నిచ్చే ఒక మాట నేర్పితే ఆ చేష్ట తగ్గింది. పని కష్టమైనప్పుడు సాయం అడగడం నేర్పారు. మన ఇళ్లలో దీనికి సరిపోయే మాటలు 'వద్దు', 'చాలు', 'రావట్లేదు'. నేర్పడం కష్టం కాదు, మన్నించడమే కష్టం. "ఒక్క ముద్ద, ఇదొక్కటే, నాన్న ముద్ద, తాత ముద్ద" అంటూ అన్నం పెట్టే సంస్కృతిలో పిల్లాడి 'వద్దు'కు విలువ లేదు. మూడుసార్లు 'చాలు' అన్నా ముద్ద ఆగకపోతే, నాలుగోసారి కంచం ఎగిరిపడుతుంది. అప్పుడు ముద్ద ఆగుతుంది. ఆ ఇల్లు ఆ రోజు నేర్పిన పాఠం: 'చాలు' పనిచేయదు, కంచం పనిచేస్తుంది.

ఈ పద్ధతుల మీద అభ్యంతరాలు తక్కువేమీ కావు, కొన్ని న్యాయమైనవే. వీటిని ఆటిజం చికిత్సగా ప్రపంచానికి తెలియజెప్పింది లాస్ ఏంజిలిస్‌లో ఐవార్ లొవాస్ 1987లో ప్రచురించిన ఫలితాలు. వారానికి 40 గంటలు శిక్షణ పొందిన 19 మందిలో 9 మంది మామూలు బడిలో ఒకటో తరగతి దాటారని, వాళ్ల ఐక్యూ మామూలు స్థాయికి వచ్చిందని ఆయన రాశాడు. పిల్లలను చీట్లు తీసినట్టుగా రెండు గుంపులుగా విడదీయలేదు. శిక్షణలో గద్దించడం, తొడ మీద చరచడం కూడా ఉండేవి. ఆ తర్వాత శిక్షలు పోయాయి. అయినా 'చేతులు కదపకు', 'కళ్లలోకి చూడు' అంటూ గంటల తరబడి కూర్చోబెట్టే శిక్షణ తమను లోపలినుంచి ఎలా నలిపిందో పెద్దవాళ్లయిన ఆటిస్టిక్ వ్యక్తులు ఇప్పుడు రాస్తున్నారు. ఆధారాల విషయానికొస్తే, వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2018 సమీక్షకు నిలిచినవి 5 అధ్యయనాలు, 219 మంది పిల్లలు. వాటిలో చీట్లు తీసిన పద్ధతిలో జరిగింది ఒక్కటే. మేలు జరుగుతుందనడానికి కొంత ఆధారం ఉంది కానీ అది బలహీనమైనదని సమీక్ష తేల్చింది. వారానికి 40 గంటల ప్యాకేజీ అమ్మేవాళ్లు ఈ రెండో ముక్క చెప్పరు.

భాషావేత్త నోమ్ చామ్‌స్కీ 1959లో స్కిన్నర్ పుస్తకాన్ని చీల్చి చెండాడిన సంగతి భాషాశాస్త్రం చదివిన ప్రతివారికీ తెలుసు. ఎన్నడూ వినని వాక్యాన్ని పిల్లలు ఎలా అంటారన్న ఆయన ప్రశ్నకు స్కిన్నర్ దగ్గర సరైన జవాబు లేదు. పుస్తకంలో పిల్లల మీద చేసిన ప్రయోగాలూ లేవు. అయితే భాష ఎలా పుడుతుందన్న సిద్ధాంతంగా ఓడిపోయినది, ఒక్క మాట కూడా అడగలేని పిల్లాడికి తొలి యాభై మాటలు నేర్పే పనిముట్టుగా పనికిరావచ్చు. పనికొస్తోంది కూడా. ఆ యాభై తర్వాత, కథ చెప్పడం, అబద్ధమాడటం, వెక్కిరించడం దాకా పోయే దారిలో ఈ పనిముట్టు పదును తగ్గుతుంది. దాన్నే పట్టుకుని పదేళ్లు సాగదీయడం తెలివైన పని కాదు.

ఏ పద్ధతికైనా ముందు చూసుకోవాల్సినవి ఉన్నాయి. మొదటిది వినికిడి. తల్లిదండ్రులు 'బెరా టెస్ట్' అనే పరీక్ష చేయించకుండా నెలల తరబడి స్పీచ్ థెరపీకి తిప్పడం వృథా. రెండోది, నోటి కండరాలను మాటకు తగినట్టు కదపడంలోనే ఇబ్బంది ఉన్న పిల్లలు. వీళ్లు మాట తెలిసి కూడా పలకలేరు, ఎంత ఎదురుచూసినా మూత దగ్గర 'తి' రాదు. వాళ్లకు స్పీచ్ థెరపిస్టు చేసే వేరే రకం సాధన, దాంతోపాటు కార్డో పరికరమో అవసరం. ఇవన్నీ ఒకే చోట తేల్చుకోవాలనుకునేవాళ్లకు ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ముట్టుకాడులో, 2005లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజమూ, వాక్కు-భాషా వైకల్యమూ విడివిడిగా ఉన్నాయి.

ఈ ప్రవర్తనావాద చికిత్సకు ఇంగ్లీషు పొట్టిపేరు ఏబీఏ (అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్). 'ఏబీఏ థెరపిస్ట్' అన్న బోర్డు చూసి నమ్మడానికి మాత్రం లేదు. ఈ పని చేసేవాళ్లకిచ్చే, అంతర్జాతీయంగా పేరున్న బీసీబీఏ (బోర్డ్ సర్టిఫైడ్ బిహేవియర్ అనలిస్ట్) గుర్తింపు 2023నుంచి మన దేశంలోని కొత్త దరఖాస్తుదారులకు అందుబాటులో లేదు. కొన్ని వారాల శిక్షణతో బల్ల ముందు కూర్చునే యువతీయువకుల్లో మంచివాళ్లు చాలామందే, కానీ వాళ్ల పని ఎవరు పర్యవేక్షిస్తున్నారన్నది అడిగి తెలుసుకోవాల్సిన సంగతి. ఇంకో ప్రశ్న కూడా అడగవచ్చు: "ఈ వారం వాడు తనంతట తాను ఎన్నిసార్లు అడిగాడు?" కార్డుల లెక్క చెప్పి, ఈ లెక్క చెప్పలేని సెంటర్ అడగడం నేర్పట్లేదన్నమాట.

ఆ లెక్క ఇంట్లో రాసుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం, రెండు నిలువు వరసలు. అందిస్తే అన్నవి ఎడమవైపు, అందించకుండా అన్నవి కుడివైపు. ఒక్కోదానికి ఒక గీత, ఐదోది అడ్డంగా. మొదటి వారాల్లో ఎడమ వరస నిండుతుంది, కుడి వరస ఖాళీ. కుడివైపు తొలి గీత పడేది చాలాసార్లు ఎవరూ చూడని వేళ, అమ్మ ఫోనులో ఉండగా వెనకనుంచి "తియ్యి" అని వినిపించినప్పుడు. అక్కడినుంచి ఏ రోజు పెరిగింది, ఏ రోజు పడిపోయింది, ఆ రోజు ఇంట్లో ఏం జరిగింది అని చూసుకోవచ్చు. మిగతా వారమంతా కలిపి పన్నెండు, పదిహేను గీతలు పడి, ఆదివారం ఒక్కటీ లేకపోతే పిల్లాడు మర్చిపోయాడని కంగారుపడక్కర్లేదు. ఆ రోజు ఊరినుంచి తాతయ్య వచ్చి, పొద్దున్నుంచి మురుకుల డబ్బా మూత తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడేమో కనుక్కుంటే చాలు.